వంటగదిలో పుట్టిన దొరసాని

మా కోట వంటమనిషి ఇషి గురించి చెప్పాలంటే ముందు మా దొర హిరుమ మునెకాగె గోడమీద పిల్లివాటం గురించి చెప్పక తప్పదు. మా లోయకు తూర్పున ఒక మహాప్రభువు, పడమట ఇంకొకడు. ప్రాణమైనా ఇస్తానని ఈయన ఇద్దరికీ ప్రమాణం రాసి, వేలు కోసుకుని రక్తపు ముద్ర వేశాడు. ఇద్దరికీ ఒకే వేలు.

ముద్ర ఒక్కటే చాలదు, కన్నబిడ్డను తాకట్టు పంపాలి. దొర మాట తప్పితే అక్కడ బిడ్డను చంపేస్తారు. ఉన్న ఒక్క కొడుకునూ పడమటికి పంపేశాడు. మరి మాకేదీ అన్నారు తూర్పువాళ్ళు. అప్పుడు దొర కళ్ళు వంటగది మీద పడ్డాయి. ఇషి కూతురు నత్సును దత్తత తీసుకుని, పట్టుబట్టలు కట్టి, పెద్దింటి ఆడపిల్లల్లా కనుబొమలు గొరిగించి, దొరగారు కన్న అమ్మాయంటూ పల్లకీ ఎక్కించారు. ఇషిని అడిగినవాడు లేడు. గంజిలో ఉప్పు ఎక్కువైందని రోజూ తల్లితో పోట్లాడే పిల్ల ఆ రోజు గిన్నె అడుగుదాకా తాగి వెళ్ళింది.

కొన్నేళ్ళకు పడమటివాళ్ళు తూర్పు మీదికి దండెత్తుతూ మా దొరను రమ్మన్నారు. ఆయన వంటగది గుమ్మంలోకి వచ్చాడు.

"మనసు రెండుగా చీలిపోతోంది ఇషీ. అటు కొడుకు, ఇటు కూతురు."

"ఎవరి కూతురు దొరా?"

"నా కూతురు కాదుగా, అదే కాస్త ఊరట." ముల్లంగి ముక్క నోట్లో వేసుకున్నాడు. "పడమటివాళ్ళతోనే వెళ్తున్నా. పళ్ళెం సిద్ధం చెయ్యి."

యుద్ధానికి కదిలేముందు దొర ఎండు నత్తమాంసం, ఎండు చెస్ట్‌నట్ గింజలు, సముద్రపు నాచు తినాలి. వాటిలో ఏది చెడినా అపశకునమని ఆ రోజు గుర్రమెక్కడు. ఇన్నేళ్ళూ పుచ్చిన గింజలు ఏరి పారేసిన ఇషి, ఆ ఉదయం పుచ్చినవాటిలోంచే ఒకటి ఏరింది. ఆమె చేతికింద పనిచేసే నేను పక్కనే చేపలు తోముతూ చూశాను. మళ్ళీ చేపల మీదికి వంగాను.

సైన్యమంతా చూస్తుండగా దొర కొరికాడు. చేతిలో మిగిలిన ముక్కలో సగం పురుగు కదులుతోంది.

"ఏమే, ఇది నువ్వేనా పెట్టింది?" చెయ్యి కత్తి మీదికి పోయింది.

ఇషి మెడ వంచింది. "నేనే దొరా. పైకి నున్నగానే ఉంది. లోపల ఏ దేవుడు పెట్టాడో నాకేం తెలుసు. దేవుడి పని కాదనుకుంటే మింగేసి బయల్దేరండి."

దొర ముఖంలో అంత హాయి నేనెప్పుడూ చూడలేదు. యుద్ధం తప్పించుకోడానికి ఒక పురుగైనా దొరికింది. కడుపునొప్పంటూ వెళ్ళి పడుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా పడమటివాళ్ళు చిత్తుగా ఓడి, తాకట్టు బిడ్డల్ని గాలికొదిలేసి పారిపోయారు. దొర కొడుకు నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. తూర్పు ప్రభువు నత్సును వెంటబెట్టుకుని స్వయంగా వచ్చాడు.

"కూతురి కోసం కదలకుండా కూర్చున్న తండ్రిని నిన్నొక్కణ్ణే చూశానయ్యా," అని కళ్ళు తుడుచుకున్నాడు.

"మొదటినుంచీ నాదొకటే మాట ప్రభూ," అని మా దొరా తుడుచుకున్నాడు. సిగ్గుంటే కదా.

నత్సు ఎవరి బిడ్డో బయటపడితే మా అందరి తలలూ లేచిపోతాయి. కాబట్టి ఆమె ఇక ఎప్పటికీ దొర కూతురే. ఆ పూట ఇషి గంజిగిన్నె తీసుకెళ్ళి తన పిల్ల ముందు పెట్టి, నుదురు నేలకు ఆనించింది.

"తీసుకోండి అమ్మగారూ."

నత్సు ఒక గుక్క తాగి, తల దించుకుంది.

"ఉప్పు ఎక్కువైంది."

"రేపు తగ్గిస్తాను అమ్మగారూ."

ఇషి వంటగదిలోకి వచ్చి నా పక్కన కూలబడి ఏడ్చింది. బతికినన్నాళ్ళూ ఆ గంజిలో ఉప్పు తగ్గించలేదు.