ఆగడానికి బలం

రైలింజన్ల షెడ్డులో పనిచేసే కుర్రాణ్ణే పెళ్లి చేసుకుంటానన్నందుకు నాన్న నన్ను మా ఊరు పంపేస్తున్నారు. చచ్చిపోదామనే అన్నం మానేసి బిలాస్‌పూర్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న పంతులమ్మ తను చదివే ఇంగ్లీషు నాటకం కథ చెప్పింది. పెద్దలు కాదన్న జంట. మత్తులో ఉన్న పిల్ల పోయిందనుకుని కుర్రాడు విషం తాగాడట. లేచి చూసి ఆ పిల్లా పొడుచుకుందట.

"ఎంత ప్రేమో!" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఏటి ప్రేమండీ? ఆడు కాసేపు ఆగుంటే ఆ పిల్ల లేచీది కదా!"

ఆవిడ నవ్వి, తన డబ్బా తెరిచి నా ముందు పెట్టింది. పూరీలన్నీ తినేశాను.

టికెట్ తీసుకుని వచ్చిన నాన్న అది చూశారు. ముఖం వెలిగింది. "బుద్ధొచ్చిందేటే?"

"ఆగాలంటే ఒంట్లో బలముండాలి కదా, నాన్నా."

మూడేళ్లు ఆగాను, చివరికి నాన్నే ఒప్పుకున్నారు. ఇప్పటికీ, తల నెరిసిన ఆ కుర్రాడికే, నూనె చూసి చూసి పోస్తూ, పూరీలు చేస్తున్నాను.