ఆమేన్‌కు ముందు మూడు తన్నులు

పాస్టర్‌గా నేను నర్సాపురం నుంచి కర్ణాటకలోని చింతామణి దాకా వెళ్లింది ప్రార్థన కూడికలో వాక్యం చెప్పడానికి. ఆ మధ్యాహ్నం టమాటా మార్కెట్‌లో హమాలీలను పలకరిస్తూ, సేవాభావం పొంగి ఒక పెట్టె ఎత్తాను. నడుం పట్టేసింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

"మేము ఆముదం పూసుకుంటాం, వేన్నీళ్లు పోసుకుంటాం. దానికీ పోకుంటే మా వెంకటమ్మే," అన్నాడు హమాలీ మునెప్ప. టీ అమ్మే వెంకటమ్మ పుట్టేటప్పుడు కాళ్లే ముందు బయటికొచ్చాయట. అలాంటివాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని అక్కడివాళ్ల నమ్మకం.

"ఇవన్నీ నేను నమ్మను. ప్రార్థన చేసుకుంటాను," అన్నాను.

"చేసుకో అప్పా, ఎవరు వద్దన్నారు? ఈ గోనెసంచి మీద బోర్లా పండుకొని చేసుకో," అంది వెంకటమ్మ.

గంటలో కూడిక. వేరే దారి లేక పడుకొని, కళ్లు మూసుకొని మొదలుపెట్టాను. నా ప్రార్థనలు కొంచెం పొడుగు. అవతల పాలు పొంగుతున్నాయేమో, ఆమె ఆగలేదు. ఆమేన్‌కు ముందే మూడు తన్నులు పడ్డాయి. నేను పెట్టిన కేకకు హమాలీలంతా "ఆమేన్" అన్నారు.

లేచాను. నిటారుగా నిలబడ్డాను!

"బాగు చేసింది ప్రభువే," అన్నాను, కొంచెం గట్టిగానే.

"ఆయప్పే చేసుంటాడులే. చేతికందింది నా కాలు," అంది టీ వడగడుతూ.

సాయంత్రం కూడికలో నిటారుగా నిలబడి వాక్యం చెప్పాను. దాస్తే అబద్ధమవుతుందని సాక్ష్యంలో వెంకటమ్మ పేరూ చెప్పాను. కూడిక ముగిశాక ఇద్దరు సంఘ పెద్దలు నడుం పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. ప్రార్థన కోసమనుకొని చేయెత్తాను.

"అది కాదు అయ్యగారూ," అన్నారు. "ఆయమ్మ టీ అంగడి యాడ ఉండాది?"