బొట్టు కింద తుప్పు

ఈ రోజు ఉదయం పదకొండున్నరకు మా పాత అంబాసిడర్ బానెట్‌కు మూడు చిల్లులు పడ్డాయి. కొత్త రంగు కోసం కాకినాడ షెడ్డులో పెయింటర్ సత్తిబాబు తుప్పు గీరుతుంటే రేకు ఊడొచ్చింది. సముద్రపు ఉప్పుగాలి వల్లేనన్నాను.

"ఉప్పుగాలైతే బండంతా తినేద్దండి. వరసగా మూడు చోట్లే తింటదేంటండి?" అన్నాడు.

కారు మా మావగారిది. ఏటా దసరాకు అత్తగారు బానెట్ మీద తడి పసుపుతో మూడు బొట్లు పెడతారు. బొట్టు తుడవకూడదని, వాటిని తప్పించి మిగతా బండి కడిగేవాళ్లం. ఈ సంగతి సత్తిబాబుకు చెప్పాను. షెడ్డుకు నాతో వచ్చిన అత్తగారు పక్కనే నిలబడి విన్నారు.

"ఆ తడి కిందే తుప్పు పట్టిందండి. ఇకమీదట పెట్టకండమ్మగారూ, కొత్త రంగు పాడైపోద్ది," అన్నాడు.

"బొట్టు లేని బండిలో నేను కాలు పెట్టను బాబూ."

సత్తిబాబు వెళ్లి ఒక డబ్బా తెచ్చాడు. "అయితే నా పసుపు పెయింటుతో మీరే పెట్టండి. దాని మీద క్లియర్ కోటింగ్ కొట్టేస్తాను. ఇంక తుడిచినా పోదు."

అత్తగారు డబ్బా మూత తీయించి చూసి, పసుపు ఇంకాస్త ముదురుగా కావాలన్నారు.

మీ బండికి తుప్పు ఎక్కడ పట్టిందో చూసి చెప్పండి. గాలిని అనే ముందు ఇంట్లో అడగండి.

చిల్లులకు రేకు అతుకు రేపు. శుక్రవారం పదింటికి, దుర్ముహూర్తం దాటాక, అత్తగారు బొట్లు పెట్టడానికి షెడ్డుకు వస్తారు. క్లియర్ కోటింగ్ ఆ తర్వాతే.