తువ్వాలు కింది స్కార్ఫ్

మామిడి కోతలకు వెళ్ళే ఆడవాళ్ళను దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో పోల్చుకోలేరు. చీర మీద మొగుడి పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, తలకూ మొహానికీ తువ్వాలు, కళ్ళు మాత్రం బయటికి. కాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన ఒంటి మీద పడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది మరి. పెళ్ళికాని నేను మా నాన్న చొక్కా వేసుకుంటాను. కాబట్టి ముస్లిమునయ్యాక నిండుగా కప్పుకోవాలనుకున్నప్పుడు, ఆగిరిపల్లి తోటల కన్నా అనువైన చోటు దేశంలో ఉండదనుకున్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసిన బుర్రకు అంతకు మించిన ఉపాయం తట్టలేదు.

కలిమా చదివి ఇస్లాంలోకి మారి అప్పటికి మూడు నెలలు. నూజివీడులో నాకు కుట్టుపని నేర్పినావిడ నమాజు చేస్తుంటే చూసి చూసి, అడిగి అడిగి, చివరికి నేనే కావాలనుకున్నాను. ఎవరితోనో పెళ్ళి కోసం కాదు. నుదురు నేలకు ఆనించినప్పుడు నా నోరు దానంతటదే మూతపడేది. ఇరవై ఆరేళ్ళుగా మా ఇంట్లో ఎవరివల్లా కాని పని అది.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. మా అమ్మ చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి. మా కోత జట్టుకు పెద్ద కూడా ఆవిడే. తెలిస్తే నన్ను కూతురిగా ఉంచుకుంటుందా లేదా అన్నదొక్కటే నా భయం. జోకులేస్తే పోయే భయం కాదది. వేసి చూశాను.

ఆ రోజు మొదటిసారి తువ్వాలు కింద స్కార్ఫ్ కట్టాను. నల్లది, జారుడు గుడ్డ, గడ్డం కింద రెండు పిన్నులు. మగాళ్ళు చెట్లెక్కి చివర వలసంచి కట్టిన చిక్కం కర్రలతో కాయలు దించుతుంటే, మేం కింద తొడిమలు విరిచి, సొన కారిపోయేలా కాయల్ని గడ్డి మీద బోర్లా పెడుతున్నాం. అమ్మ ఇటు తిరిగితే నేను అటు తిరుగుతూ పొద్దంతా నెట్టుకొచ్చాను.

అన్నాల వేళ సంగతి మాత్రం ఆలోచించలేదు. చేతులు కడుక్కుని అందరూ చొక్కాలు, తువ్వాళ్ళు విప్పి కొమ్మలకు వేశారు. నేనొక్కదాన్నే మూటలా కూర్చున్నాను.

"ఏమే, అన్నం కూడా ముసుగులోనే తింటావా? ఎవరన్నా పెళ్ళిచూపులకి వస్తున్నారా ఏంటి?" అంది పక్కనున్న పిన్ని.

"నా మొహం చూస్తే నీకు అన్నం సయించదని, పిన్నీ."

"ఇన్నేళ్ళూ సయించిందిగా. తియ్యవే, ఉక్కకి చస్తావ్."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. నా మెడ వైపే చూస్తోంది. గంట నుంచి అక్కడ ఒకటే మంట. నూలు తువ్వాలైతే సొనను పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. ఈ జారుడు గుడ్డ మీద పడ్డది జారి, పిన్నుల దగ్గర మడతల్లో చేరి, మెడకు అంటుకుపోయింది.

అమ్మ లేచి వచ్చి తువ్వాలు లాగింది. పిన్ని చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఏంటిది?"

నా చెయ్యి గడ్డం కింది పిన్నుల మీదికి పోయింది.

"ఎప్పట్నుంచి?"

"మూడు నెలలు."

అమ్మ వంగి నా మెడ చూసింది. "ముందది తియ్. మెడ కాలిపోతోంది."

"మగాళ్ళున్నారమ్మా."

అవతల చెట్టు కింద వాళ్ళూ అన్నాలు తింటున్నారు. వాళ్ళలో సగం మంది నన్ను గౌన్లేసుకున్నప్పట్నుంచీ చూసినవాళ్ళే. అమ్మ ఆ మాటే అంటుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను. ఆవిడ కొమ్మ మీది చొక్కా తీసి, చొక్కా చెయ్యి ఒకటి పిన్నికిచ్చి, రెండో చెయ్యి తను పట్టుకుని నాకు అడ్డంగా నిలబడింది.

"కడుక్కో."

స్కార్ఫ్ తీసి కడుక్కున్నాక, చేతులకు రాసుకునే కొబ్బరినూనె తెచ్చి నా మెడకు రాసింది. వేళ్ళు మెత్తగా లేవు.

"ప్రార్థనప్పుడు నేనూ కొంగు కప్పుకుంటా," అంది మెల్లగా. "అయ్యాక తీసేస్తా. నీకు రోజంతా ప్రార్థనేనా?"

"అలాంటిదేనమ్మా."

"మరి ఆదివారం నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

నేను కొబ్బరినూనె సీసా మూత బిగించాను.

అమ్మ సంచిలోంచి తన ఉతికిన తువ్వాలు తీసి, నా చెవులూ మెడా మూసి, ముడి గట్టిగా వేసింది. సొన పడకుండానో, ఎవరి కంటా పడకుండానో నేను అడగలేదు.

సాయంత్రం ఆటోలో ఎప్పుడూ నా పక్కన కూర్చునే అమ్మ ఎదుటి సీట్లో కూర్చుంది. ఊరొచ్చేదాకా నా వైపు చూడలేదు. దిగాక, "మీ నాన్నకి నేను చెప్తా. నువ్వు నోరు విప్పకు," అని లోపలికి వెళ్ళింది.

రెండు పిన్నులూ గుప్పిట్లో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాను. లోపల అమ్మ గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు. నాన్న గొంతు ఇంకా వినపడలేదు.