మా వదిన వేసిన తేదీ

మా ఆయన అక్కకి తేదీల పిచ్చి. ఊరికే అనడం లేదు, ఇరవై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉండి భరించినదాన్ని. కొత్త సబ్బు తీస్తే డబ్బా మీద తేదీ, టార్చిలైటులో బ్యాటరీలు మారిస్తే తేదీ, చీపురు కొంటే దానికీ కాగితం చుట్టి తేదీ. "వదినా, నా నుదుటి మీద కూడా వేసెయ్యండి, ఎప్పుడు కొన్నారో గుర్తుంటుంది" అనేదాన్ని ఒళ్ళు మండి. "నిన్ను కొనలేదమ్మాయ్, ఊరికే వచ్చావు" అనేది ఆవిడ తల ఎత్తకుండానే.

కెమిస్ట్రీ కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది. వచ్చిన పత్రికలు విప్పడం, ముద్ర వేయడం, రిజిస్టరులో ఎక్కించడం, అరలో పెట్టడం. పొద్దున్నే భుజాన సంచీ దించకముందే ముద్రలో తేదీ తిప్పేది. ఏడాది చివర పత్రికలు బైండింగుకి ఇచ్చేటప్పుడు వాటితో వచ్చిన సదస్సుల పుస్తకాలు, అంటే సభల్లో చదివిన పరిశోధనల సారాంశాలు, తీసి పారేయడం అంతటా మామూలేనట. ఈవిడ పారేయనిచ్చేది కాదు. బైండరు తల పట్టుకునేవాడు. చోటు లేదని ప్రిన్సిపాల్ చీవాట్లు పెట్టేవాడు. "చదివేవాడు ఎప్పుడొస్తాడో మనకేం తెలుసు సార్?" అని అన్నీ కలిపి కుట్టించేది.

ఆవిడ రిటైరైన ఏడాదే నాకు రక్తంలో కాన్సరని తేలింది. రోజుకో మాత్ర వేసుకుంటే అందరిలా బతకొచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్ర చేసేది ఒక్కటే కంపెనీ. పేటెంటు వాళ్ళది కాబట్టి ఇరవై ఏళ్ళు ఇంకెవరూ చేయకూడదు, వాళ్ళు చెప్పిందే ధర. నెల మందుకి మా ఆయన రెండు నెలల జీతం చాలేది కాదు. నేను ఎవరికీ చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టి, రక్తపరీక్షలో దొరికిపోయాను. డాక్టరు తిట్టినందుకు కాదు, పక్కన వదిన నా మాత్రల అట్ట తీసుకుని ఒక్కో మాత్ర పక్కన తేదీ వేస్తూ కూర్చున్నందుకు నాకు ఏడుపొచ్చింది.

ఒకటే ఆశ. ఆ పేటెంటు ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. అదే మందు జెనరిక్‌గా చేయడానికి వేరే కంపెనీలు కాచుకుని ఉన్నాయి, పోటీ వస్తే ధర దిగుతుంది. ఆ నాలుగు నెలలకీ సరిపడా సొమ్ము వదిన తన రిటైర్మెంటు డబ్బులోంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంతలో పిడుగులాంటి కబురు. పాత కంపెనీ పదకొండేళ్ళ కిందట పెట్టిన రెండో దరఖాస్తు ఇప్పుడు విచారణకొచ్చింది. మందు అదేనట, అది గట్టిపడేటప్పుడు కట్టే స్ఫటికం రూపం కొత్తదట! మంజూరైతే మరో తొమ్మిదేళ్ళు వాళ్ళదే రాజ్యం. నాకు తొమ్మిదేళ్ళు ఎక్కడివి?

నాలాంటి రోగుల సంఘం పేటెంటు ఆఫీసులో అభ్యంతరం వేసింది. సంఘం తరఫు లాయరు, చిన్న వయసు అమ్మాయి, మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "లోకానికి ముందే తెలిసిన దానికి పేటెంటు ఇవ్వరండీ. ఈ స్ఫటికం గురించి ఒక సదస్సు పుస్తకంలో రాశారు. దాని మీద సంవత్సరమే ఉంది, నెల లేదు. తాము దరఖాస్తు పెట్టాకే అది బయటికొచ్చిందని కంపెనీ అంటోంది. అంతకుముందే ఎవరికైనా అందిందని చూపించాలి. ఏ లైబ్రరీలో అడిగినా పారేశామంటున్నారు."

"ఏ పత్రికతో వచ్చింది?" అంది వదిన. పేరు వినగానే లేచి చెప్పులు వేసుకుంది.

లైబ్రరీ కింది గదిలో దుమ్ముకి నేను తుమ్మీ తుమ్మీ చచ్చాను. వదిన లైటు కూడా వేయకుండా మూడో వరుసకి పోయి ఒక లావుపాటి పుస్తకం లాగింది. పత్రికలతో కలిపి కుట్టిన సదస్సు పుస్తకం, మొదటి పేజీ మీద ఊదారంగు ముద్ర. దరఖాస్తుకి పదకొండు రోజుల ముందు తేదీ. లాయరమ్మాయి అక్కడే నేల మీద కూర్చుని ఆ పేజీ ఫోటో తీసుకుంది.

విచారణ రోజున కంపెనీ లాయరు తీయగా అడిగాడు. "ఇన్నేళ్ళ కిందటి రోజు మీకెలా గుర్తుందమ్మా?"

"గుర్తు లేదు బాబూ. గుర్తుండదనే కదా ముద్ర వేసేది?"

విచారిస్తున్న పేటెంటు అధికారి నవ్వు ఆపుకోవడానికి తల దించుకున్నాడు. లాయరు వదల్లేదు. "ముద్ర తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చుగా?"

వదిన లైబ్రరీ నుంచి తెచ్చిన రిజిస్టరు తెరిచి అతని వైపు తిప్పింది. "ఇదిగో, దీనికి ముందు వచ్చిన పత్రిక, వెనక వచ్చిన పత్రిక. మధ్యలో గీత పట్టే చోటు లేదు, ఎక్కడ దూరుస్తారో మీరే చూపించండి. రెండో రోజే ఒక విద్యార్థి దీన్ని చదువుకోవడానికి తీసుకున్నాడు. అదే వరసలో ఇదీ అతని సంతకం, తేదీ."

అతని ముఖం మాడిపోయింది. నాకైతే అక్కడే ఈల వేయాలనిపించింది. దరఖాస్తు కొట్టేశారన్న రోజున వేశాను కూడా, నడివీధిలో, ఈ వయసులో. వదిన సిగ్గుతో చచ్చిపోయింది, కానీ నా చెయ్యి వదల్లేదు.

మొదటి పేటెంటు గడువు తీరిన నెలకి ఆసుపత్రి మందుల కౌంటరుకి వెళ్ళాం. చీటీ చూసి ఫార్మసిస్టు, "నాలుగు కంపెనీలవి వచ్చాయండీ, ఏది ఇమ్మంటారు?" అన్నాడు.

ఈ మందుకి నన్నెవరూ ఇంతవరకు ఆ మాట అడగలేదు. కౌంటరు పట్టుకుని నిలబడిపోయాను.

"అన్నిట్లోనూ ఉన్నది అదే మందు. ఏదో ఒకటి చెప్పమ్మాయ్, వెనక జనం ఉన్నారు" అంది వదిన.

తిరిగి చూశాను. ఇదివరకు ఈ మందు చీటీతో ఆ కిటికీ ముందు నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఇప్పుడు అదే చీటీలు పట్టుకుని జనం తలుపు దాటి మెట్ల దాకా నిలబడి ఉన్నారు.