బల్ల మీద రెండు చరుపులు

నరసరావుపేట కోల్డ్ స్టోరేజీలో హమాలీల మేస్త్రి ఒకాయన ఉండేవాడు. లోడు నిండిందని తన కళ్లతో చూసుకున్నాకే లారీని అరచేత్తో రెండుసార్లు చరిచి పొమ్మనేవాడు. డ్రైవర్లు ఎంత తొందరపెట్టినా వినేవాడు కాదు.

అక్కడ నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం లారీకెక్కే ఒక్కో మిర్చి టిక్కీ, అంటే బస్తా, వివరాన్నీ ఒక్కో విడి మెసేజ్‌గా సరుకు కొన్న వ్యాపారి సర్వర్‌కు పంపేది. అవన్నీ చేరితేగాని లారీని గేటు దాటనిచ్చేవారు కాదు. సీజన్ రాగానే అది నత్తనడక పట్టింది. గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. ఓనరు నన్ను మానేయమనేదాకా వచ్చాడు.

ఆలస్యమెందుకని మేస్త్రి అడిగితే ఉన్నది చెప్పాను.

"ఏంది బాబూ, టిక్కీకో లారీ పెడతన్నావా? అన్నీ ఒకదాంట్లో ఎక్కిచ్చి తోలరాదా?"

లోడంతటికీ ఒకే మెసేజ్ వెళ్లేలా మార్చాను. మర్నాడు మధ్యాహ్నానికే గేటు ఖాళీ. మేస్త్రి లోపలికొచ్చి, తెర మీద టిక్కీలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, నా బల్లను రెండుసార్లు చరిచాడు.

ఇప్పటికీ ఏ ప్రోగ్రాం వాడకానికి వదిలే ముందైనా, అన్నీ కళ్లతో చూసుకుని, ఆయన బదులు నేనే బల్లను రెండుసార్లు చరుస్తాను.