మా ఎదుటి పక్షం వకీలు సారు

వకీలు సారు పోయిన సంగతి నాకు ఫోన్ చేసి చెప్పినవాడు, ఒకప్పుడు ఆయన చేత నా మీద కేసు వేయించిన మనిషే. "అక్కా, సార్ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడంట, గట్లనే పోయిండు. నేను బండి మీద వస్తున్న, తయారుండు" అన్నాడు. ఎనభై దాటిన మనిషి మంచం పట్టకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్లిపోయారు. ఏడుపు కన్నా ముందు హమ్మయ్య అనిపించింది. ఆయన మీద ఇష్టం కొద్దీ అంటున్న మాట ఇది, తప్పుగా అనుకోకండి.

ఆయన నా వకీలు కాదు. ఎదుటి పక్షం వకీలును తలుచుకుని ఇలా రాసేవాళ్లు తక్కువే కాబట్టి, జరిగింది చెప్పాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాది బట్టలు కుట్టే దుకాణం. గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో ఒక మల్గీ, అంటే రోడ్డు పక్క కొట్టు గది, అద్దెకు తీసుకుని పెట్టుకున్నాను. దాని యజమాని హయత్‌నగర్ పెద్దాయన. నెలనెలా అద్దె తీసుకునే అలవాటు ఆయనకు లేదు. "నీ దగ్గరనే ఉండనియ్ బిడ్డా, నా చేతుల ఉంటే కర్సయితది. పని పడ్డప్పుడు అడుగుత" అనేవారు. అలా పదకొండు నెలల అద్దె నా బీరువాలో ఉండగా ఆయన పోయారు. ఇల్లంతా ఏడుస్తుంటే డబ్బు మాట ఎత్తడం ఏం మర్యాద? సంవత్సరీకం అయ్యాక ఇద్దామని ఊరుకున్నాను. వనస్థలిపురంలో ఉండే ఆయన కొడుకేమో, తండ్రి పోయి ఏడాదైనా కాకముందే కిరాయికి వచ్చాడంటారని ఊరుకున్నాడు. సంవత్సరీకం దాటి నెలలు గడిచేకొద్దీ నేను ఎగ్గొడుతున్నానని అతనికి అనుమానం, అతను అడగడం లేదు కదా అని నాకు ధీమా. చివరికి మా ఇద్దరి మర్యాదా కలిసి ఎల్బీనగర్ కోర్టుకెక్కింది.

సమన్లు వచ్చిన రోజు అన్నం సయించలేదు. మా వకీలు చెప్పినట్టు మొదటి వాయిదాకే అద్దె మొత్తం కోర్టులో కట్టేశాను. నాకు రావలసింది వచ్చింది, ఇంకేం లేదని అతనూ కాగితం రాసిచ్చాడు. అయిపోయిందనుకున్నాను. కోర్టు ఖర్చులు మిగిలాయని అప్పుడు తెలిసింది. కోర్టు ఫీజు, వాళ్ల వకీలు ఫీజు నా నెత్తిన పడితే రెండు మిషన్లు అమ్ముకోవాలి. అంతకన్నా, ఖర్చులు నేనే కట్టాలని తీర్పులో రాస్తే నేను ఎగవేతదారునని రాసినట్టే. ఆ తర్వాత ఆ బజారులో నాకు అరువుకు గుడ్డ ఎవరిస్తారు?

జడ్జిగారు ఆడమనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు. "డబ్బు కట్టారు, మీరు తీసుకున్నారు. ఇక ఖర్చులు ఎవరివో తేల్చాలంటే, కేసు ఇక్కడిదాకా రావడానికి ఎవరి తప్పు ఎక్కువో చూడాలి. దావా వేసేముందు ఆమెను అద్దె అడిగారా?" అన్నారు. "అడిగినమని చెప్పుండ్రి సార్" అని కొడుకు వెనక నుంచి గొణగడం నాకు వినపడింది. అలా చెబితే కాదనడానికి నా దగ్గర సాక్ష్యం ఏముంది?

వకీలు సారు లేచి నిలబడ్డారు. నల్లకోటు మోచేతుల దగ్గర చిరిగి ఉంది. "అడగలే మేడం. నోటీసు గూడ ఇయ్యలే. ముందు పోయి అడిగి రమ్మని నేను చెప్పాల్సుండె, చెప్పలే. తొందరపడ్డది నేను" అన్నారు.

మా వకీలు హుషారుగా లేచి, అయితే మా ఖర్చులు వాళ్ల చేత ఇప్పించమని అడగబోయాడు. నేను కోటు పట్టుకుని లాగాను. "నేనైనా వెళ్లి చెప్పి ఉండాల్సింది మేడం" అన్నాను. జడ్జిగారు మమ్మల్ని మార్చి మార్చి చూసి, ఎవరి ఖర్చులు వారే భరించుకోవాలన్నారు. ఆ రోజు కోర్టు మెట్లు దిగుతుంటే ఒళ్లంతా తేలికైపోయింది. అంత తేలిక నా పెళ్లి అయిపోయిన రోజు కూడా లేదు.

మర్నాడు సారు కోటు పట్టుకుని దుకాణానికి వచ్చారు. "కోర్టుల నా మోచేతుల దిక్కే చూస్తుంటివమ్మా. జర కుట్టియ్యి" అన్నారు. అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు ఆ కోటు నా దగ్గరికి వచ్చేది. కొత్తది కుట్టించుకోండి సార్ అంటే, "గిది వాదిస్తది. కొత్తదానికి ఏం తెల్సు?" అనేవారు.

నా కేసు తర్వాత ఆయన పద్ధతి మారింది. ఎవరు వచ్చినా ముందు కాగితాలు ముట్టుకునేవారు కాదు. "అడిగినవా? నోటీసు సంగతి తర్వాత, మనిషివి పోయి అడిగినవా? వాళ్లింట్ల కూసొని చాయ్ తాగి అడుగు. ఇయ్యకపోతే అప్పుడు రా" అనేవారు. అలా వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. "గిట్లయితే మనకు కూరగాయలు ఎవలు కొనిస్తరు?" అని ఆయన భార్య నా ముందే దెప్పేది. "అడగందే అమ్మయినా పెట్టదు. గది మర్చిపోయే సగం కేసులు" అని ఆయన నవ్వేవారు.

పెద్ద అంబర్‌పేట్‌లో ఆయన ఇంటికి వెళ్లి కడసారి చూసి వస్తున్నాం. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు పెద్దాయన కొడుకు ముందుకు చూస్తూనే అన్నాడు, "అక్కా, గా కేసుల నాకు రూపాయి కర్సు గాలే."

"ఎవరి ఖర్చులు వాళ్లవే అన్నారు కదా తమ్ముడూ?"

"అన్నరు. సార్ నా ఫీజు వాపస్ ఇచ్చిండు. కోర్టు ఫీజు గూడ ఆయన జేబులకెల్లి ఇచ్చిండు. ఏంది సార్ ఇది అంటే, తప్పు నాదని కోర్టుల ఒప్పుకున్న, ఇంక కర్సు నీదెట్లయితదిరా అన్నడు. నేను బతికున్నన్ని దినాలు ఆమెకు చెప్పకు, సగం నేనిస్తనని ఒస్తది అన్నడు."

నిజమే, వెళ్లేదాన్ని. పచ్చ లైటు పడింది. అతను హెల్మెట్ అద్దం పైకి తోసి, మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. వెనక బస్సు హారన్ కొట్టి కొట్టి, విసుక్కుని పక్కనుంచి వెళ్లిపోయింది. కేసు వేసిన అతనూ, వేయించుకున్న నేనూ ఒకే బండి మీద, సిగ్నల్ మళ్లీ ఎర్రబడేదాకా అక్కడే ఉండిపోయాం.